రెండవ గుండు

కొంతకాలము క్రిందట మా కేంద్రమునుండి వేటకథలు కొన్ని చదివి వినిపించితిమి. ఆ వరుస ముగిసిన పిమ్మట ఒక శ్రోత ఇట్లు వ్రాసిరి: "కథలలోని వేటగాండ్రు తఱచుగా జోడుగొట్టాల రైఫిలు పట్టుకొని అడవికి పోవుచున్నారు. ఒకమారు నింపినచో నాలుగైదు గుండ్లు ప్రేల్చు రైఫిళ్లు ఉండగా, రెండే గుండ్లు పట్టు ఈ ఆయుధమును అంతకు ఎన్నో రెట్లు వెల పెట్టి ఏల కొనిరి? ఇది దర్జా కొఱకా, పని కొఱకా?"

ప్రశ్న చక్కనిది. సమాధానము చెప్పుటకు నాకు కొంత సొంత కారణమును కలదు. అట్టి రైఫిలు ఒకటి మా ఇంట ఉన్నది. మా తాతగారిది. దాని సంగతి తరువాత మనవి చేసెదను.

ముందుగా ఒక మాట. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. పులిని గాని, అడవిదున్నను గాని, ఏనుగును గాని వేటాడుట నేడు నేరము. కెన్యా దేశము 1977లో వేటను నిషేధించినది. టాంజానియా, జింబాబ్వే, నమీబియా మున్నగు కొన్ని ఆఫ్రికా దేశములలో మాత్రము అనుమతిపత్రముపై దున్నవేట, ఏనుగువేట నేటికిని సాగుచున్నవి. అక్కడ వేటకు వచ్చినవారి ప్రాణమునకు పూచీపడి వెంట నడచు వృత్తివేటగాండ్రలో పలువురు ఇప్పటికిని జోడురైఫిలునే పట్టుదురు. వేట తగునా తగదా యను వాదము వేఱొక ప్రసంగమునకు చాలినంత పెద్దది. ఇప్పుడు చెప్పబోవునది ఆ పనిముట్టును ఎంచుకొను విధము మాత్రమే.

జోడురైఫిలు అనగా ప్రక్కప్రక్కన అతికిన రెండు గొట్టములు మాత్రమే కాదు. అది ఒకే కఱ్ఱకు బిగించిన రెండు తుపాకులు. గొట్టమునకొక సుత్తి, ఒక కమాను, ఒక ముల్లు, ఒక మీట. ఒకవైపు కమాను విఱిగినను, తూటా తుస్సుమన్నను, రెండవవైపునకు ఆ సంగతియే తెలియదు. నాలుగైదు గుండ్ల రైఫిలులో ఒకటి ప్రేలిన పిదప చేతితో కడ్డీని ఎత్తి, వెనుకకు లాగి, ముందుకు త్రోసి, దించవలెను. చేయి తిరిగినవానికి అది క్షణములో పని. కాని ఆ క్షణమున చేయి మీటను విడిచి ఉండును, కన్ను గుఱిని విడిచి ఉండును.

లెక్క చూడుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు మృగము సెకనుకు దాదాపు 14 మీటర్లు దాటును. 30 గజముల దూరమున పొదలోనుండి వెలువడినచో మనిషికి మిగులు కాలము రెండు సెకన్లు. మూడవ గుండు, నాలుగవ గుండు ఉన్నవను ధైర్యము మంచిదే గాని, ఆ రెండు సెకన్లలో వాటి వంతు రాదు. కావున చూడవలసినది ఒక్కటే: మొదటి గుండు పని చేయనప్పుడు రెండవది ఎంత త్వరగా, ఎంత నమ్మకముగా వెడలును? జోడురైఫిలులోని ప్రతి అంగమును నేను ఈ తూనికతోనే తూచెదను.

రెండుగుండ్ల ఆయుధమునకు గల లోపమును దాచుట న్యాయము కాదు. 1907లో జిమ్ కార్బెట్ చంపావత్ పులిని వేటాడినప్పుడు ఆయన చేతనున్నది .500 జోడురైఫిలు. వెంట తీసికొనిపోయినవి మూడే తూటాలు. అవి అయిపోయిన తరువాత, గాయపడిన పులి ఎదుట నుండగా, తహశీల్దారుగారి తుపాకికై పరుగెత్తవలసి వచ్చినది. అది రైఫిలు తప్పు కాదు, జేబు తప్పు.

ఇక గొట్టము కొలత. నల్లమందు కాలమున బలము కావలెనన్నచో గుండును పెంచుట తప్ప దారి లేదు. శామ్యూల్ బేకర్ తుపాకి ఒకటి అరపౌను గుండును ప్రేల్చెడిది. దానికి ఆయన పెట్టిన ముద్దుపేరు 'బేబీ'. ఫ్రెడరిక్ సెలూస్ యౌవనమున పౌను సీసమునకు నాలుగు గుండ్లు చొప్పున పోసిన లావుపాటి తుపాకులతో ఏనుగులను కొట్టినాడు. వాటి వెనుదన్ను తన నరములను చెఱచి గుఱిని పాడుచేసినదని తరువాత వాపోయినాడు. పొగలేని కార్డైటు మందు వచ్చినపిదప కథ మాఱినది. 1898లో రిగ్బీ కంపెనీవారు .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను తెచ్చిరి. గుండు 480 గ్రెయిన్లు, వేగము సెకనుకు 2150 అడుగులు. మన తులమునకు 180 గ్రెయిన్లు గనుక ఆ గుండు రెండు ముప్పాతిక తులములకు కొంచెము తక్కువ. బంగారము తూచు త్రాసులో సులభముగా ఇమిడిపోవు ఆ గుండు చేయు పనిని మునుపటి అరపౌను గుండ్లతో పోల్చి చూచినవారు ఆశ్చర్యపడిరి.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన చిత్రమైన సంగతి ఒకటి ఉన్నది. 1907 ప్రాంతమున భారతదేశములోనికిని సూడానులోనికిని .450 తుపాకులను, తూటాలను తెచ్చుటను బ్రిటిషు ప్రభుత్వము ఆపివేసినది. పాత మార్టినీ హెన్రీ సైనిక రైఫిళ్లు ఆ కొలతవే. తిరుగుబాటుదారుల చేతిలోని వాటికి ఈ గుండ్లు ఉపయోగపడునని భయము. వెంటనే తుపాకులు చేయువారు ఒకరిని మించి ఒకరు .465, .470, .475, .476 అని క్రొత్త కొలతలు కల్పించిరి. వాటిలో .470 నేటికిని ఆఫ్రికాలో మిక్కిలి వాడుకలో ఉన్నది. మన ప్రజలు తిరుగబడుదురేమో యన్న దొరతనమువారి వెఱపు ఆఫ్రికాలో ఏనుగువేటగాని గొట్టమును కొలిచినదన్నమాట.

ఎంత లావు గొట్టము ఎంచవలెను? .470 గుండు 500 గ్రెయిన్లు. రైఫిలు బరువు పది పదకొండు పౌన్లు. .600 గుండు 900 గ్రెయిన్లు, అనగా సరిగా అయిదు తులములు. ఆ రైఫిలు తఱచుగా పదునైదు పౌన్ల దరిదాపున ఉండును. దానిని ఎండలో రోజంతయు మోయుట యటుండగా, మొదటిగుండు వెనుదన్నునకు మూతి ఆకాశమును చూచును. అది దిగి గుఱికి వచ్చులోపల మన రెండు సెకన్లలో ఎంత మిగులును? వెనుదన్ను ఒంటికి తగనివాడు మీట నొక్కకముందే కన్నులు మూసికొనును. కాబట్టి మోయగలిగినంత పెద్దది కాదు, వెంటవెంటనే రెండుమార్లు గుఱితో ప్రేల్చగలిగినంత పెద్దది ఎంచవలెను. సన్నగా ఉండు మనవంటివారికి .450/400 చాలునని నా అభిప్రాయము. గుండు 400 గ్రెయిన్లు. కార్బెట్ తరువాతి కాలమున వాడిన జోడురైఫిలు ఆ కొలతదే.

కరమోజో బెల్ అను వేటగాడు ఏడు మిల్లీమీటర్ల సన్నని రైఫిలుతో వందలకొలది ఏనుగులను పడగొట్టినాడు కదా యని కొందఱు వాదింతురు. నిజమే. ఆయన ఏనుగు కపాలములను కోసి చూచి మెదడు ఎక్కడ ఉండునో నేర్చినవాడు. నిలుచున్న ఏనుగును నింపాదిగా చూచి కొట్టినవాడు. మీదికి వచ్చుచున్న ఏనుగును ఆపుట వేఱు విద్య.

తుపాకి ఒంటికి కుదురుట గొట్టము కొలతకంటె ముఖ్యము. భుజమునకెత్తిన మఱుక్షణమున, కన్ను వెదుకకముందే, గుఱి తనంత తాను లక్ష్యముమీద నిలువవలెను. మా తాతగారు తమ రైఫిలును 1947లో ఊరు విడిచిపోవుచున్న ఆఱడుగుల దొరయొద్ద కొనిరి. దాని మడమ చంకలో తగులుకొనెడిది. ఏడాదిపాటు ఓర్చుకొని, తరువాత వడ్రంగిచేత ముప్పాతిక అంగుళము కోయించిరి. ఇతరుల చెప్పులు తొడిగికొని పరుగుపందెమునకు పోయినట్లుండెనని వారు నవ్వుచు చెప్పెడివారు.

గుఱిచూచు ఏర్పాటు ఎంత సాదాగా ఉన్న అంత మేలు. వెనుక వెడల్పుగా, లోతులేని ఒక గాటు; ముందు పెద్ద తెల్లని పూస. అంతే. అంగళ్లలో 200 గజములకు, 300 గజములకు మడతరేకులు అమర్చి చూపుదురు. ఇరువది గజములనుండి నూఱు గజముల లోపల పనిచేయు ఆయుధమునకు అవి నగలు.

మీటల సంగతి. ముందు మీట కుడిగొట్టమునకు, వెనుక మీట ఎడమగొట్టమునకు. ఒకే మీటతో రెండింటిని వరుసగా ప్రేల్చు ఏర్పాటును కలదు. వ్రేలు కదల్పనక్కఱ లేదు గనుక సుఖమనిపించును. కాని ఒకే మీట అనగా ఒకే యంత్రము. అది మొరాయించినచో రెండు గొట్టములును మూగవోవును. రెండు తుపాకులను కొని వాటిని మరల ఒక్కటిగా చేసికొనుట దేనికి? ముందు మీట కీలుమీద ముందుకు వంగునదైనచో మంచిది. వెనుక మీటను నొక్కినప్పుడు అది వ్రేలివెన్నును గాయపఱుపదు. మీటలు మరీ తేలిక కారాదు. మొదటి ప్రేలుడు అదటునకు రెండవ గొట్టమును తనంత తాను ప్రేలు జాడ్యము కొన్ని తుపాకులకు ఉన్నది. అప్పుడు రెండు వెనుదన్నులును ఒకేసారి భుజముమీద పడును. ఎదుట మృగము, చేత ఖాళీ తుపాకి.

ఇక మిక్కిలి సున్నితమైన విషయమునకు వచ్చెదను. ఆ రెండు గొట్టములు సమాంతరముగా కనిపించును, కాని కావు. మూతులవైపు కొంచెము దగ్గఱకు జరిగి ఉండును. కారణమేమనగా, కుడిగొట్టము ప్రేలినప్పుడు తుపాకి పైకిని కుడివైపునకును ఎగురును; ఎడమది ప్రేలినప్పుడు పైకిని ఎడమకును. గుండు ఇంకను గొట్టములో ఉండగానే ఈ కదలిక మొదలగును. దానికి తగినట్లు గొట్టములను లోపలికి త్రిప్పి అతుకవలెను. ఎంత త్రిప్పవలెనో కాగితముమీద లెక్క తేలదు. పనివాడు మూతులవద్ద టంకము కరగించి, నడుమనున్న చిన్న మేకును వెండ్రుకవాసి జరిపి, మరల అతికి, కుడియెడమల ప్రేల్చి, పలకను చూచి, మరల టంకము కరగించును. రెండు గొట్టముల గుండ్లును ఒకచోట పడువఱకు ఇదే పని. జోడురైఫిలు వెలలో పెద్దపాలు ఈ ఓపికకే చెల్లును. మా స్టూడియోలో కచేరీకి ముందు తంబురా శ్రుతిచేయు విద్వాంసుని చూచినప్పుడెల్ల నాకు ఆ పనివాడే తలపునకు వచ్చును.

అయితే ఆ శ్రుతి ఒక్క తూటాకే కుదిరినది. గుండు బరువు మాఱినను, మందు మాఱినను, కుడిగుండు ఎడమకును ఎడమగుండు కుడికిని దాటిపోవచ్చును, లేదా రెండును విడిపోవచ్చును. అందుచేతనే ఏ మందు ఎంత, గుండు ఎంత యని కొన్ని గొట్టములమీదనే చెక్కి ఉంచిరి. ఎండకు కార్డైటు ఒత్తిడి పెరుగును గనుక వేడిదేశములకని మందు తగ్గించిన తూటాలను వేఱుగా చేసిరి. కొనువాడు చెక్కడపు పనిని చూచి మురియుటకు ముందు, తాను వాడబోవు తూటాతోనే 50 గజములవద్ద కుడి యెడమల ప్రేల్చి, గొట్టములు చల్లారనిచ్చి, మరల ప్రేల్చి చూడవలెను. అరచేయంత చోట నాలుగు గుండ్లును పడనిచో, ఆ తుపాకి ఎంత గొప్పవారు చేసినదైనను వదలుకొనవలెను.

చెక్కడపు పని యంటిని. యంత్రభాగము అమరికనుబట్టి బాక్సులాకు అనియు సైడులాకు అనియు రెండు తెగలు. సైడులాకునకు రెండు ప్రక్కల ఉక్కురేకులుండును. వాటిమీద పూలతీగెలు, ఏనుగులు, సింహములు చెక్కుదురు. యంత్రము విప్పి శుభ్రపఱచుట సులభము. బాక్సులాకు 1875లో ఆన్సన్, డీలీ అనువారు బర్మింగుహాములో కల్పించినది. భాగములు తక్కువ, కఱ్ఱను తొలుచుట తక్కువ, వెలయును తక్కువ. డబ్బు చాలనివారు బాక్సులాకు కొనినందున చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. దున్న పూలతీగెలను చూచి ఆగదు.

ఇప్పుడు మా ఇంటి రైఫిలు సంగతి. తుపాకి ప్రమాదవశమున ప్రేలకుండ మీటలను బంధించు తాళమొకటి మెడమీద ఉండును; సేఫ్టీ అందురు. బొటనవ్రేలితో ముందుకు త్రోసినగాని మీటలు కదలవు. కొన్ని తుపాకులలో, నింపుటకై తెరచినప్పుడెల్ల ఈ తాళము తనంత తాను వెనుకకు జరిగి పడును. పిట్టల తుపాకికి ఇది మేలైన ఏర్పాటే. పదిమంది కలిసి నడచుచు, తెరచుచు మూయుచు ఉందురు గదా. మా తాతగారి రైఫిలునకును అట్టి తాళమే ఉండెడిది.

1958 వేసవిలో వారు పాపికొండల అడవికి అనుమతిపత్రముపై దున్నవేటకు పోయిరి. దారి చూపినవాడు ఒక కొండరెడ్డి, తాతగారికంటె పెద్దవాడు. మొదటి గుండు చోటు తప్పి వెనుకగా తగిలినది; రెండవది పరుగెత్తుచున్న దున్న పిఱుదున తగిలినది. తాతగారు తుపాకి తెరచి, రెండు తూటాలు నింపి మూసిరి. "దొరా, అది పోలేదు. ఆ వెదురులోనే నిలబడి వింటా ఉంది. కాసేపు కూచుందాం" అనెనట కొండరెడ్డి. తాతగారు వినలేదు. ఇరువది అడుగుల దూరమున వెదురు చీల్చుకొని అది వచ్చినది. తాతగారు తుపాకి ఎత్తి ముందు మీట నొక్కిరి. కదలలేదు. వెనుక మీట నొక్కిరి. అదియు కదలలేదు. తాళము సంగతి తలపునకు వచ్చి బొటనవ్రేలు త్రోయులోపల కొండరెడ్డి వారిని ప్రక్కకు నెట్టినాడు. కొమ్ము అతని తొడలో దిగినది. తరువాతి గుండు మెడలో తగిలి దున్న అక్కడనే కూలినది. ఆ మనిషి బ్రతికినాడు గాని, ఆ కాలు మరల నేలమీద సరిగా మోపలేదు.

"తుపాకిది తప్పు కాదురా అబ్బాయ్" అనెడివారు తాతగారు. "పదకొండేళ్లు నా చేతిలో ఉంది. తెరిస్తే తాళం పడుతుందని నాకు తెలుసు. నింపాక బొటనవేలు వెయ్యడం అలవాటు చేసుకోలేదు. మొదటి రెండు గుండ్లతోనే పని అయిపోతుందనుకునేవాణ్ణి." తాతగారు తప్పును తమమీద వేసికొన్నను, నేను ఆ తాళమును క్షమింపజాలను. భయము పుట్టినప్పుడు మనిషికి తెలిసినది ఏదియు జ్ఞాపకమునకు రాదు. వ్రేళ్లకు తెలిసినదే పని చేయును. ప్రమాదకరమైన మృగమును కొట్టు రైఫిలు సేఫ్టీ మనిషి పెట్టిననే పడవలెను, తీసిననే తీయబడవలెను. జోడురైఫిలు కొనువాడు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇదియే. ఉన్నచో, లోపలి చిన్న కడ్డీని తీయించివేయవచ్చును, అరగంట పని.

ప్రేలిన తూటాగొట్టములను తెరచినంతనే బయటికి విసరు ఎజెక్టరు ఉండవలెనా యను వాదము పాతది. విసరినచో నింపుట త్వరపడును. వలదనువారు ఆ టింగుమను చప్పుడు మృగమునకు మన చోటు చెప్పునందురు. మా ఇంటి రైఫిలునకు ఎజెక్టరు లేదు. మూతి పైకెత్తి కుదిపినచో డొల్లలు జారిపడును. ఎడమచేతి వ్రేళ్ల నడుమ రెండు తూటాలు పట్టుకొని ఉండుట నేర్చినవానికి అంత తేడా కానరాదు. అయినను గాయపడినదానిని వెదుకుచు పొదలలో దూఱవలసిన వృత్తివేటగానికి ఎజెక్టరే మేలని నాకు తోచును. ఈ విషయమున నా మాట పట్టింపుగా తీసికొననక్కఱలేదు.

తాతగారు ఆ వేసవి తరువాత వేటకు పోలేదు. అయినను మద్రాసులో ఒక తుపాకుల మిస్త్రీచేత ఆ కడ్డీని తీయించిరి. ఏటేట కోతలైన పిమ్మట కొండకు బండెడు ధాన్యము పంపుచుండిరి. తీసికొనుటకు కొండరెడ్డి కొడుకు వచ్చెడివాడు. తండ్రి ఎన్నడును రాలేదు.

ఇప్పుడు ఆ రైఫిలు లైసెన్సు నా పేర ఉన్నది. దసరానాడు దానిని దించి, నూనెగుడ్డతో తుడిచి, పూజలో పెట్టుదుము. తాతగారు బ్రదికియున్నంతకాలము, పూజకు ముందు దానిని ఒకమారు తెరచి మూసి, సేఫ్టీ వెనుకకు జరిగినదేమో యని బొటనవ్రేలితో తడవి చూచెడివారు. కడ్డీ తీయించి నలుబది ఏండ్లు దాటిన తరువాతను అట్లే చూచెడివారు. ఆ పని ఇప్పుడు నేను చేయుచున్నాను.